ఇల్లు లేని తల్లులకు, పిల్లలకు రాత్రి ఆశ్రయం నడపడం: గేటు తాళం దగ్గర్నుంచి మొదలుపెడదాం

కొత్తగా చేరిన కేర్‌టేకర్‌కి మొదటి రాత్రి నేను ఒకే పని చెప్తాను. పదకొండు దాటాక హాల్లో ఒకసారి నెమ్మదిగా నడిచి, ఎవరెలా పడుకున్నారో చూసి రమ్మంటాను. ఒకామె చెప్పులు తలకింద పెట్టుకుని ఉంటుంది. ఇంకొకామె సంచి పిడిని కొంగుకి ముడేసుకుని ఉంటుంది. మూడో ఆమె అసలు పడుకోదు. గోడకి ఆనుకుని, ఒళ్ళో బిడ్డని పెట్టుకుని, తలుపు వైపు మొహం పెట్టి కూర్చునే కునుకు తీస్తుంది. చూసొచ్చిన వాళ్ళలో చాలామంది అనే మాట ఒకటే: "మంచాలు ఖాళీగా ఉన్నాయి మేడమ్, అలవాటు లేక కింద పడుకుంటున్నారు."

అలవాటుకీ దీనికీ సంబంధం లేదు. స్టేషన్ ప్లాట్‌ఫాం మీదో, ఫ్లైఓవర్ కిందో, అంతకుముందు సొంత ఇంట్లోనో, ఆదమరిచి నిద్రపోయిన రోజే ఆమెకి ఏదో జరిగింది. ఆ సంగతి ఆమె నోరు చెప్పకపోవచ్చు, ఒళ్ళు మాత్రం మర్చిపోలేదు. మనోగాయం, ట్రామా అని మనం పెద్ద పేర్లతో పిలిచేది దీన్నే. ప్రమాదం అయిపోయినా ఒళ్ళు ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది.

హింస పెట్టేవాడు మనిషి దగ్గర్నుంచి ముందు లాక్కునేది నిర్ణయాన్ని. ఎప్పుడు తినాలి, ఎవరితో మాట్లాడాలి, ఎప్పుడు పడుకోవాలి, బయటికి వెళ్ళాలా వద్దా, అన్నీ వాడే చెప్తాడు. మన ఆశ్రయం కూడా గంట కొట్టి లేపి, వరసలో నిలబెట్టి, గేటుకి తాళం వేసి, అడిగినప్పుడల్లా కథ చెప్పించుకుంటే ఆమెకి యజమాని మారాడు, అంతే. అందుకే కింద చెప్పబోయే ప్రతి పనిలోనూ నేను చూసేది ఒక్కటే: ఇందులో ఆమె చేతికి ఏ చిన్న నిర్ణయం తిరిగి ఇవ్వగలం?

అమెరికాలో శాంసా అనే ప్రభుత్వ సంస్థ 2014లో ఇలాంటి మనోగాయం ఉన్నవాళ్ళతో పనిచేయడానికి ఆరు సూత్రాలు రాసిపెట్టింది: భద్రత, నమ్మకం, ఆ కష్టం పడినవాళ్ళే తోడుండటం, కలిసి పనిచేయడం, ఎంచుకునే హక్కు, మనిషి సంస్కృతినీ ఆడ మగ తేడాలనీ గుర్తెరగడం. మంచి సూత్రాలే. రాత్రి గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో మాత్రం వాటిలో దొరకదు. అది మనమే తేల్చుకోవాలి.

భవనం చేతికి రాగానే

జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ 2013 మార్గదర్శకాల ప్రకారం లక్ష జనాభాకి ఒక ఆశ్రయం ఉండాలి, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. ఆడవాళ్ళ ఆశ్రయం అంటే వాళ్ళమీద ఆధారపడిన మైనర్ పిల్లలకి కూడా. మన దగ్గర మున్సిపాలిటీ గానీ, పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ మెప్మా గానీ ఇచ్చేది సాధారణంగా పాత వార్డు ఆఫీసో, కమ్యూనిటీ హాలో. దాన్ని మార్చుకోవడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు, చూసే కన్ను కావాలి.

ముందు రాత్రి రెండింటికి లేచి మీరే బాత్రూంకి వెళ్ళి రండి. దారిలో లైటుందా? వాచ్‌మన్ కుర్చీ ముందు నుంచి వెళ్ళాలా? తలుపుకి లోపల గడియ గట్టిగా పడుతుందా? గడియ ఊడిపోయిన బాత్రూం ఒక్కటి చాలు, ఆడవాళ్ళు సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట అని ఆరోగ్య కార్యకర్త దగ్గరికి వస్తే మాత్రలు ఇచ్చి పంపుతారు. గడియ సంగతి ఎవరూ అడగరు.

హాల్లో మొత్తం చీకటి చేయొద్దు. జీరో బల్బు రాత్రంతా వెలగాలి, తలుపు కనపడాలి. గోడ పక్క చోట్లు ముందు నింపండి. వీపు గోడకి ఆనితే చాలామందికి నిద్ర పడుతుంది. పిల్లలున్న తల్లులకి పాత చీరలతోనైనా తెరలు కట్టండి. తెర ఎప్పుడు మూయాలో ఆమె ఇష్టం.

ప్రతి కుటుంబానికీ ఒక చిన్న రేకు పెట్టె, దానికి తాళం. రెండో తాళంచెవి ఆఫీసులో ఉండకూడదు. ఈ మాట దగ్గర ప్రతి కమిటీ మీటింగులోనూ గొడవ అవుతుంది. "మందో, దొంగ సొమ్మో దాస్తే?" అంటారు. నిప్పు అంటుకునేవి, కత్తులు లోపలికి తేకూడదు అనే నియమం వేరే పెట్టండి, అది గేటు దగ్గరే చెప్పండి. పెట్టె మాత్రం ఆమెదే. పసుపుతాడుకి ఆ తాళంచెవి కట్టుకుని తిరిగినామెని చూశాను. తాడుకి పుస్తెలు లేవు, తాళంచెవి ఉంది.

వాసనల గురించి ఎవరూ రాయరు గానీ రాయాలి. కిరోసిన్, కాలిన గుడ్డ, సారా, చవక సెంటు: వీటిలో ఏదో ఒకటి ఎవరో ఒకరిని పాత గదిలోకి లాక్కుపోతుంది. డ్యూటీకి తాగి వచ్చిన వాచ్‌మన్‌ని ఆ రాత్రే పంపేయాలి, మందలింపుతో సరిపెట్టొద్దు. మగ వాచ్‌మన్ గేటు బయటే, లోపల రాత్రి డ్యూటీ ఆడవాళ్ళే.

ఇంక టీవీ. సీరియళ్ళలో చెంపదెబ్బ చప్పుడుకి మంచం కిందకి దూరిన మూడేళ్ళ పాపని చూశాక మేం టీవీని హాల్లోంచి తీసి పక్క గదిలో పెట్టాం. చూడాలనుకున్నవాళ్ళు అక్కడికెళ్ళి చూస్తారు.

మొదటి గంట

ఆమెని పోలీసు బండి దించి వెళ్తుంది, లేదా 181 మహిళా హెల్ప్‌లైన్ వాళ్ళు ఫోన్ చేసి పంపిస్తారు, లేదా తనే అడుక్కుంటూ వస్తుంది. మీ చేతిలో రిజిస్టరు ఉంటుంది. దాన్ని కింద పెట్టండి.

వరస ఇది: నీళ్ళు, బాత్రూం, పిల్లలకి తిండి, ఆమెకి తిండి, పడుకునే చోటు. రిజిస్టరు ఆ తర్వాత. ఒక్కరే మాట్లాడాలి. చుట్టూ నలుగురు చేరి చూడకూడదు. ఆమె కింద కూర్చుంటే మీరూ కింద కూర్చోండి. భుజం మీద చెయ్యి వేయాలనిపిస్తుంది మనకి, ఆప్యాయంగానే. వద్దు. ఆమె మీ చెయ్యి పట్టుకుంటే అప్పుడు పట్టుకోండి. మాట ఇలా ఉంటే చాలు:

"రామ్మా, కూర్చో. ఇది ఆడవాళ్ళూ పిల్లలూ ఉండే చోటు. రాత్రి లోపలికి మగవాళ్ళు రారు. బాత్రూం అదిగో, లోపల గడియ ఉంది. అన్నం వేడిగా ఉంది, ఇప్పుడు తింటావా, స్నానం చేసొచ్చి తింటావా?"

చివరి వాక్యం గమనించండి. రెండిట్లో ఏదైనా మనకి ఒకటే, ఆమెకి మాత్రం చాలా రోజుల తర్వాత ఎవరో తన ఇష్టం అడిగారు.

గేటు సంగతి కూడా అప్పుడే చెప్పాలి: "రాత్రి పదింటికి గేటు వేస్తాం, బయటివాళ్ళు రాకుండా. నువ్వు వెళ్ళాలనుకుంటే ఏ టైముకైనా తీస్తాం." చెప్పడమే కాదు, తాళంచెవి లోపలి వైపు మేకుకి వేలాడుతూ కనపడాలి. ఎప్పుడైనా వెళ్ళొచ్చు అని తెలిసిన మనిషే నిమ్మళంగా ఉండగలదు. ఆ మేకు పెట్టాక రాత్రి గేటు దగ్గర గొడవలు తగ్గాయే గానీ పెరగలేదు.

పేలున్నాయని జుట్టు కత్తిరించడం, గుండు చేయడం బలవంతంగా ఎన్నడూ చేయొద్దు. మందు ఉంది, దువ్వెన ఉంది, ఓపిక ఉండాలి. వేరే చోట్ల పట్టుకుని గుండు చేయించుకుని వచ్చినవాళ్ళు ఉంటారు మన దగ్గర. మొక్కుకుని తల నీలాలు ఇవ్వడం వేరు, నలుగురు పట్టుకుని తీసేయడం వేరు.

రిజిస్టరు, అందులో రెండో గడి

మా పాత రిజిస్టరులో పేరు పక్కన గడి "భర్త/తండ్రి పేరు". ఒకామె తన పేరు టకటకా చెప్పి ఆ గడి దగ్గర ఆగిపోయింది. కేర్‌టేకర్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆమె బిడ్డ వైపు చూసింది, గేటు వైపు చూసింది, "రేపు చెప్తానమ్మా" అంది. తెల్లారేసరికి లేదు. ఏం జరిగిందో మాకు తెలియదు, తెలుసుకునే దారి లేదు. ఆ నెలలోనే గడి మార్చాం. ఇప్పుడక్కడ "ఏదైనా అయితే ఎవరికి కబురు చేయమంటావు?" అని ఉంటుంది. ఎవరికీ వద్దు అన్నా అది కూడా జవాబే.

మొదటి రాత్రి అడగాల్సినవి అయిదు, అంతకు మించి వద్దు. ఏమని పిలవమంటావు? పిల్లలెంతమంది, అందరూ నీతోనే ఉన్నారా? ఒంట్లో ఎక్కడైనా నొప్పి, దెబ్బ, రక్తం పోవడం, వాడే మందులు ఉన్నాయా? నీకోసం ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని భయముందా? ఈ రాత్రికి ఇంకేం కావాలి?

కులం, ఊరు, పెళ్ళి, ఎందుకొచ్చావు అనేవి ఆగుతాయి. ఆధార్ లేదని ఎవర్నీ వెనక్కి పంపొద్దు. "ఏం జరిగిందో మొత్తం చెప్పు, మనసు తేలికవుతుంది" అనడం మనకి అలవాటు. అది సాయం కాదు. దెబ్బ తగిలిన వెంటనే మనిషి చేత కథంతా చెప్పించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. 2011లో వాళ్ళు ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. ఆమె చెప్తే వినాలి, తవ్వకూడదు. తర్వాత డాక్టర్‌తోనో వకీలుతోనో కలపాలి. చెప్పిన కథ కేస్ షీటులో ఒక్కసారి రాసుకోండి, మళ్ళీ ఇంకో కౌన్సెలర్‌కి మొదట్నుంచి చెప్పించొద్దు.

వినబోయే ముందు ఒక్క మాట ముందే చెప్పి తీరాలి: "నువ్వు చెప్పింది నేను ఊరికే ఎవరికీ చెప్పను. పిల్లల మీద ఎవరైనా చెడ్డ పని చేశారని చెప్తే మాత్రం పోలీసులకి చెప్పాల్సిందే, చట్టం అలా ఉంది." పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం తెలిసి కూడా చెప్పకపోవడం నేరం. ఇది ముందు చెప్పకుండా "అన్నీ నా కడుపులో పెట్టుకుంటా" అని మాటిచ్చి, తర్వాత పోలీసుల్ని పిలిస్తే ఆ తల్లి ఇంక ఏ సంస్థనీ నమ్మదు.

అత్యాచారం జరిగిందని తెలిస్తే గడియారం చూడండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా వేసే మాత్రకీ ఆలస్యం పనికిరాదు. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తాం అనే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఉచితంగా చికిత్స చేయాలి, అది ఇప్పుడు పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్‌లో ఉంది. అత్యాచారం జరిగినామెకి లోపల వేళ్ళు పెట్టి చూసే రెండు వేళ్ళ పరీక్షని సుప్రీంకోర్టు 2022లో మరోసారి గట్టిగా తప్పుబట్టింది. తోడెళ్ళే కేర్‌టేకర్‌కి ఈ మాటలన్నీ కంఠతా రావాలి, అక్కడ చెప్పాల్సి వస్తుంది.

రాత్రుళ్ళు

అరుస్తూ లేచే మనిషిని భుజం పట్టి కుదపొద్దు. కాళ్ళ వైపు రెండడుగుల దూరంలో నిలబడి, లైటు వేసి, ఆమె చెప్పమన్న పేరుతోనే పిలవండి. కళ్ళు తెరిచినా ఆమె ఇంకా ఇక్కడికి రాకపోవచ్చు. అప్పుడు గొంతు పెంచకుండా:

"అక్కా, నేను, రాత్రి డ్యూటీ అమ్మాయిని. ఇది ఆశ్రయం. గేటు వేసుంది. నీ పాప నీ పక్కనే ఉంది, చూడు. కాళ్ళు నేల మీద పెట్టు. చల్లగా ఉందా? ఈ గ్లాసు పట్టుకో. ఫ్యాన్ చప్పుడు వినపడుతోందా?"

నేల, గ్లాసు, ఫ్యాను. ఇంతే మంత్రం. చూసేవి, ముట్టుకునేవి, వినేవి ఒక్కొక్కటిగా చెప్పిస్తే మనసు ఇప్పటి టైములోకి వస్తుంది. "ఊరుకో, ఏం కాలేదు" అనొద్దు, అయింది కాబట్టే లేచింది. తెల్లారాక దాని గురించి నలుగురి ముందు అడగొద్దు కూడా.

తెలంగాణలో పనిచేసేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. చేరిన రెండో రాత్రో మూడో రాత్రో మనిషి వణికిపోతూ, చెమటలు పడుతూ, లేనివి కనపడుతున్నాయంటూ, ఫిట్స్ వచ్చి పడిపోతే వెంటనే పిచ్చి అనో దెయ్యమనో అనుకోవద్దు. కల్తీ కల్లు ఆగిపోయి ఉండొచ్చు. అందులో అల్‌ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగేవాళ్ళకి అది ఒక్కసారిగా ఆగితే ప్రాణం మీదకి వస్తుంది. 108కి ఫోన్ చేయండి, డాక్టర్‌కి కల్లు సంగతి చెప్పండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి డాక్టర్లకి ఇది బాగా తెలిసిన కేసు. అందుకే మొదటి రాత్రి వాడే మందుల గురించి అడిగేటప్పుడే "రోజూ కల్లు అలవాటుందా అక్కా?" అని కూడా, తిట్టే గొంతుతో కాకుండా, బీపీ ఉందా అని అడిగినట్టే అడగాలి. తిట్టినట్టు అడిగితే లేదనే చెప్తుంది.

నిజంగా మానసిక జబ్బుతో ఉన్నామె వస్తే కట్టేయడం, గదిలో పెట్టి తాళం వేయడం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఏం చేయాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

పిల్లలు

తల్లి బాగుంటే పిల్లలు బాగుంటారు అనే లెక్కతో చాలా ఆశ్రయాలు పిల్లల కోసం విడిగా ఏమీ చేయవు. కానీ తల్లి చూసింది వాళ్ళూ చూశారు.

దిండు కింద చపాతీ ముక్క, బిస్కెట్లు, అన్నం ముద్ద దాచే పిల్లలు ఉంటారు. చీమలు పడతాయని వార్డెన్ తిడుతుంది. దాచొద్దు అని చెప్పి లాభం లేదు, రేపు దొరకదని వాళ్ళ అనుభవం. మూత ఉన్న చిన్న డబ్బా ఇచ్చి, మీద వాళ్ళ పేరు రాసి, "ఇది నీ డబ్బా, రాత్రి ఆకలేస్తే తిను" అనండి. రోజూ పడుకునే ముందు అందులో రెండు బిస్కెట్లు పడాలి. కొన్ని వారాలకి డబ్బాలో బిస్కెట్ల బదులు గోళీలు, రబ్బరు బ్యాండ్లు కనపడతాయి. అప్పుడు తెలుస్తుంది.

పక్క తడిపే పిల్లలకి రబ్బరు షీటు, పొద్దున్నే చప్పుడు లేకుండా మార్చడం. ఎనిమిదేళ్ళొచ్చి ఇంకా తడుపుతున్నాడని నలుగురిలో అన్నారంటే ఇంకో ఏడాది తడుపుతాడు.

అల్లరి చేసే పిల్లాడు అందరికీ కనపడతాడు. నాకు భయం అల్లరి చేయని పిల్లలంటే. తమ్ముడికి అన్నం తినిపించి, తల్లి చీర మడతపెట్టి, అడక్కుండానే గిన్నెలు కడిగే తొమ్మిదేళ్ళ పిల్లని అందరూ "బంగారు తల్లి" అని మెచ్చుకుంటారు. ఆ పిల్ల ఎప్పుడు ఆడుకుంటుందో చూడండి. రోజూ సాయంత్రం ఒక గంట తమ్ముణ్ణి కేర్‌టేకర్ ఎత్తుకుని, ఆ పిల్లని తొక్కుడుబిళ్ళకి పంపాలి. మొదట్లో వెళ్ళదు, ఆడుతూ ఆడుతూ వెనక్కి తిరిగి తల్లిని చూస్తుంది. చూడనివ్వండి, ఆట దగ్గర్నుంచి తల్లి కనపడేలా కూర్చోబెట్టండి.

"అల్లరి చేస్తే మీ అమ్మని పంపించేస్తాం", "కమిటీ వాళ్ళకి ఇచ్చేస్తాం" అనే మాటలు సిబ్బంది నోట రాకూడదు. సరదాకి కూడా వద్దు. తల్లితో కూడా "పిల్లల్ని పోషించలేవుగా, హాస్టల్లో వెయ్" అనొద్దు. బాలల న్యాయ చట్టం 2015 పిల్లల్ని సంస్థల్లో పెట్టడం చివరి మార్గం అంటుంది. ఒంటరిగా దొరికిన పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాల్సిందే, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాల్సిందే. తల్లి కొంగు పట్టుకుని ఉన్న బిడ్డ సంగతి వేరు, పేదరికం ఒక్కటే బిడ్డని విడదీయడానికి కారణం కాదు. ఆడపిల్లలకి అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా పాఠశాలలు మంచివే, చేర్చాలంటే తల్లినీ పిల్లనీ ఇద్దర్నీ అడిగి, ఆశ్రయంలో నాలుగు నెలలు కుదురుకున్నాక చేర్చండి. వచ్చిన వారానికే విడదీస్తే ఆ పిల్లకి అది ఇంకో పోగొట్టుకోవడం.

బడికి జనన ధ్రువపత్రం లేదని, టీసీ లేదని ఆపడానికి లేదు. విద్యా హక్కు చట్టం వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోమంటుంది. అంగన్‌వాడీకి పిల్లలతో పాటు గర్భిణినీ బాలింతనీ తీసుకెళ్ళండి, తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అక్కడే వాళ్ళకి ఒక పూట పూర్తి భోజనం.

మగపిల్లల వయసు దగ్గర మాత్రం గట్టిగా పోట్లాడాలి. కష్టంలో ఉన్న ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపించే శక్తి సదన్ లాంటి చోట్ల తల్లితో ఉండటానికి కొడుకుకి పన్నెండేళ్ళే హద్దు. పదమూడేళ్ళ కొడుకుని మగవాళ్ళ ఆశ్రయంలో పెట్టమంటే తల్లి వాణ్ణి తీసుకుని మళ్ళీ ఫుట్‌పాత్‌కే పోతుంది, నేనైనా అదే చేస్తాను. పట్టణ ఆశ్రయాల్లో కుటుంబాల ఆశ్రయం అనే రకం కూడా ఉంది. అది మీ ఊళ్ళో లేకపోతే, ఉన్న భవనంలోనే గేటు వైపు ఒక గది విడిగా, వేరే బాత్రూంతో, పెద్ద కొడుకులున్న తల్లులకి కేటాయించండి.

ఒక విషయం నియమావళిలో లేదు గానీ చెప్పకుండా ఉండలేను. మా దగ్గర ఒక పిల్ల పెద్దమనిషి అయింది. తల్లి ఏడుస్తూ కూర్చుంది, ఇంట్లో ఉంటే ఎలా చేసేదాన్నో అని. వంటామె వెళ్ళి నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసింది. ఇద్దరు ముసలమ్మలు పాట పాడారు. పిల్ల సిగ్గుపడి ఆఫీసు గదిలో దాక్కుంది, ప్యాడ్లు ఎలా వాడాలో అక్కడే కేర్‌టేకర్ చెప్పింది. ఆ తల్లి తన సంగతి మొదటిసారి మాతో మాట్లాడింది ఆ రాత్రే, రోకలి పక్కన కూర్చుని.

గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు

భర్త వస్తాడు, అన్న వస్తాడు, ఊరి పెద్దమనిషి వస్తాడు, ఒక్కోసారి "పోలీసుని" అంటూ మామూలు డ్రస్సులో ఒకడు వస్తాడు. అందరికీ జవాబు ఒక్కటే ఉండాలి: "ఇక్కడ ఎవరున్నారో లేదో మేం చెప్పం." ఆమె లేనప్పుడు ‘లేదు’ అని, ఉన్నప్పుడు ‘చెప్పం’ అని అంటే వాడికి అర్థమైపోతుంది. నిజంగా మిస్సింగ్ కేసు మీద పోలీసులు వస్తే గుర్తింపు కార్డు చూసి, లోపలికెళ్ళి ఆమెని అడగండి. మేజరైన ఆడది తన ఇష్టంతో వచ్చానని వాళ్ళకి చెప్పుకోవచ్చు. మాట్లాడతానంటే మన మనిషి పక్కనుండగా. గొడవ చేస్తే 112.

గేటు కంటే ఫోన్ ప్రమాదం. వాట్సాప్ లైవ్ లొకేషన్, భర్త ఫోన్‌లో కూడా తెరిచి ఉన్న గూగుల్ అకౌంట్, పిల్లాడు పెట్టిన స్టేటస్ ఫోటో. ఫోన్ లాక్కోవద్దు. పక్కన కూర్చుని ఆమె చేతనే సెట్టింగులు మార్పించండి.

అన్నదానం చేసేవాళ్ళ గురించి: పుట్టినరోజులకీ తద్దినాలకీ ఆశ్రయానికి భోజనాలు తెస్తారు, పుణ్యం. వడ్డిస్తూ ఫోటోలు దిగుతారు, ఫేస్‌బుక్‌లో పెడతారు. వెనక గోడా, ముందు ఆమె మొహం. వాళ్ళ ఊరికి చేరడానికి ఎంతసేపు? మేం గేటు దగ్గర బోర్డు పెట్టాం: భోజనం తెచ్చి వంటగదిలో ఇవ్వండి, వడ్డన మావాళ్ళే చేసుకుంటారు, ఫోటో కావాలంటే గిన్నెలకి తీసుకోండి. కొందరు దాతలు అలిగి మానేశారు. మానేయనివ్వండి.

నియమాలు, కాగితాలు

నియమాల పట్టిక తీసి ఒక్కో దాని పక్కన "ఇది ఎవరి భద్రత కోసం?" అని రాయండి. కొట్టకూడదు, లోపల తాగకూడదు, ఇంకొకరి పిల్లల్ని అడగకుండా ఎత్తుకోకూడదు: ఇవి నిలబడతాయి. అయిదింటికల్లా లేవాలి, పగలు పడుకోకూడదు, వంటపని ఎగ్గొట్టకూడదు: ఇవి మన సౌకర్యం కోసం. రాత్రుళ్ళు నిద్ర పట్టనామె పగలు కాకపోతే ఎప్పుడు పడుకుంటుంది? మిగిలిన నియమాలు నెలకోసారి ఉంటున్నవాళ్ళే కూర్చుని మార్చుకోవాలి. టీవీ టైమూ కూరగాయలూ వాళ్ళకి వదిలేస్తే సగం తగాదాలు పోతాయి.

కాగితాల వైపు తొందర వద్దు, అలసత్వమూ వద్దు. గృహహింస చట్టం 2005 కింద రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు అడగొచ్చు. వకీలు ఫీజు ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితం, న్యాయ సేవల నంబరు 15100. జిల్లాకో సఖి కేంద్రం ఉంది, అక్కడ అయిదు రోజుల దాకా ఉండొచ్చు, పోలీసూ వకీలూ డాక్టరూ ఒక్కచోట దొరుకుతారు. పోక్సో కేసులో బిడ్డ వాంగ్మూలం స్టేషన్‌లో కాదు, బిడ్డ ఉండే చోటో కోరిన చోటో, యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి. ఆశ్రయంలోనే ఒక గది దీనికి ఖాళీగా ఉంచండి. కేసు పెట్టాలా వద్దా అనేది పెద్దవాళ్ళ విషయంలో ఆమె నిర్ణయం. మనకి కోపం వస్తుంది, వచ్చినా సరే.

మన సంగతి

ఈ కథలు వినీ వినీ కేర్‌టేకర్లకి కూడా నిద్ర కరువవుతుంది. ఇంట్లో పిల్లల మీద అరుస్తారు, లేదా ఏమీ పట్టనట్టు రాయిలా తయారవుతారు. వరసగా రెండు రాత్రి డ్యూటీలు వేయొద్దు. వారానికో గంట టీ పెట్టుకుని, కేసుల గురించి కాకుండా తమ గురించి మాట్లాడుకునే టైం ఇవ్వండి, ఆ గంట జీతంలో భాగంగానే. ఒకప్పుడు ఇక్కడే ఉండి నిలదొక్కుకున్న ఆడవాళ్ళని ఉద్యోగంలోకి తీసుకోండి, సేవ పేరు చెప్పి ఊరికే చేయించుకోకండి. కొత్తగా వచ్చినామె మన కౌన్సెలర్ ముందు నోరు విప్పదు గానీ, "నేనూ ఇదే మూల పడుకున్నానే" అన్న వంటామె ముందు విప్పుతుంది.

వెళ్ళేరోజు

కొందరు పనిలో కుదిరి అద్దెగదికో, ఉద్యోగం చేసే ఆడవాళ్ళ హాస్టల్ సఖి నివాస్‌కో వెళ్తారు. వాళ్ళకి ముందే జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించండి, ఏటీఎం పిన్ మనకి తెలియకూడదు. మొదటి నెల వారానికోసారి ఫోన్ చేయొచ్చా అని అడిగి చేయండి.

చాలామంది తిరిగి ఆ భర్త దగ్గరికే వెళ్తారు. కొత్త కేర్‌టేకర్లు దీన్ని తట్టుకోలేరు, "ఇంత చేస్తే మళ్ళీ అక్కడికేనా?" అంటారు. ఆ మాట ఆమె చెవిన పడితే రెండోసారి దెబ్బలు తిన్నప్పుడు మన గేటు తట్టడానికి సిగ్గుపడుతుంది. ఆమెతో కూర్చుని లెక్క వేయండి: గొడవ మొదలయ్యే గుర్తులేమిటి, పిల్లల్ని ఏ పక్కింట్లో దింపాలి, ఆధార్ జిరాక్స్ ఎవరి దగ్గర దాచాలి, బస్సు చార్జీ ఎక్కడ పెట్టుకోవాలి. 181 కాగితం మీద రాసివ్వొద్దు, దొరికితే అదో గొడవ. నోటికి చెప్పించండి, పెద్ద పిల్లకి కూడా.

చెప్పకుండా వెళ్ళిపోయేవాళ్ళు సంచి వదిలి వెళ్తారు. దాన్ని తెరవకండి. పేరూ తారీఖూ రాసి అటక మీద పెట్టండి. మూడు నెలలు ఉంచాలని మా నియమం, స్టోర్ చూసే ముసలమ్మ మాత్రం దాన్ని ఏనాడూ లెక్కచేయలేదు. పోయిన చలికాలం ఒకామె తొమ్మిది నెలల తర్వాత వచ్చి గేటు బయట నిలబడింది, లోపలికి రానంది, సంచి ఉందా అని మాత్రం అడిగింది. ముసలమ్మ అటకెక్కి తెచ్చిచ్చింది. ఆమె ముడి విప్పి చెయ్యి పెట్టి ఏదో తడిమి చూసుకుంది, మళ్ళీ ముడేసింది. తర్వాత "అన్నం అయిపోయిందా?" అని అడిగి లోపలికి వచ్చింది.